పెదులాస్ చర్చి నమూనా: పని డైరీ

ఫిబ్రవరి 9

నిన్న మంచులోనే పెదులాస్ వెళ్ళొచ్చాను. సైప్రస్‌లో ట్రూడోస్ కొండల మీద, మరథాసా లోయ పైభాగంలో, దాదాపు 1,100 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న ఊరది, నికోసియా నుంచి కారులో గంటన్నర ప్రయాణం. కొండవాలుకు మెట్లు మెట్లుగా ఇళ్ళు, కింది ఇంటి చూరు పై ఇంటి అరుగుకు సమానంగా ఉంటుంది. ఆ ఇళ్ళ మధ్య, కిందివైపు సందులో, ప్రధాన దూత మిఖాయేలు పేరిట ఒక చర్చి. గుమ్మటం లేదు, శిఖరం లేదు. రాతి గోడల మీద నిటారుగా దిగిన పెంకుల కప్పు, అంతే. ఎవరూ చెప్పకపోతే ధాన్యం కొట్టు అనుకుని దాటిపోతాం. తలుపు తీస్తే మాత్రం గోడలన్నీ 1474లో వేసిన బొమ్మలు.

ఈ చర్చికి చెక్కతో, రాయితో, మట్టితో ఒక నమూనా చేస్తున్నాను. స్కేలు 1:20. ఇది నాన్న కోసం. నాన్న వడ్రంగి. గోదావరి జిల్లాల్లో నలభై ఏళ్ళు పెంకుటిళ్ళకు కప్పులు వేశాడు, మా ఊరి చర్చి కప్పు కూడా రెండుసార్లు విప్పి మళ్ళీ వేశాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, విమానం ఎక్కించి ఇక్కడికి తీసుకురావడం కుదరదు. కిందటి నెల ఈ చర్చి ఫొటో పంపిస్తే వెంటనే ఫోన్ చేశాడు. "మంచు పడే చోట పెంకులేంట్రా? వాసం గోడ మీద ఎక్కడ కూర్చుందో చూపించు, ఫొటోలో ఏం తెలుస్తుంది" అన్నాడు. అప్పుడే నిర్ణయించుకున్నాను, కప్పు ఒక వైపు ఊడదీసి లోపల చూసేలా నమూనా చేసి పంపాలని.

ఫిబ్రవరి 16

ఈ వారమంతా గీతలే. చర్చి ఎదురుగా ఒక చిన్న బైజాంటైన్ మ్యూజియం ఉంది (బైజాంటైన్ అంటే ఇప్పటి ఇస్తాంబుల్ కేంద్రంగా ఏలిన పాత గ్రీకు క్రైస్తవ సామ్రాజ్యం). అక్కడి పెద్దాయన తలుపు తీసి, నేను టేపు పట్టుకుని తిరుగుతుంటే ముందు అనుమానంగా చూశాడు. విషయం చెప్పాక రెండో కొస ఆయనే పట్టుకున్నాడు. లోపల ఫొటోలు తీయకుండా నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీసుకున్నాను, దానివల్ల మేలే జరిగింది, గీస్తే కన్ను ఆగుతుంది.

చర్చి లోపల ఒకటే గది. తూర్పు చివర బలిపీఠం వెనక అర్ధచంద్రాకారంలో వంగిన గోడ, దాని మీద చేతులు పైకెత్తి ప్రార్థిస్తున్న మరియ తల్లి. బలిపీఠాన్ని మరుగు చేస్తూ రంగులు వేసిన చెక్క తెర ఉంది, దాని మీద రెండు తలల గ్రద్ద, దాంతోపాటు లుసిన్యాన్ రాజుల చిహ్నాలు. అప్పట్లో ఈ ద్వీపాన్ని ఏలింది ఫ్రెంచి మూలాల లుసిన్యాన్ వంశం, 1192 నుంచి 1489 దాకా. ప్రజలేమో గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులు. గ్రద్ద వాళ్ళ పాత బైజాంటైన్ సామ్రాజ్యం గుర్తు, పక్కనే కొత్త ఏలికల గుర్తు, రెండూ ఒకే చెక్క మీద. కతెరీనా కొర్నారో రాణి ఏలుబడి మొదలైంది కూడా సరిగ్గా 1474లోనే, ఆమె దగ్గర్నుంచే 15 ఏళ్ళకు ద్వీపం వెనిస్ చేతికి పోయింది. అంత గందరగోళంలో, ఈ కొండ మీద ఒక పూజారి ఇంత శ్రద్ధగా చర్చి కట్టించాడు.

ఆ పూజారి పేరు వసీలియోస్. ఉత్తరపు తలుపు పైన ఆయన బొమ్మ ఉంది. వెనక భార్య, ఇద్దరు కూతుళ్ళు నిలబడి ఉంటారు. ఆయన చేతుల్లో ఒక చిన్న చర్చి, దాన్ని మిఖాయేలుకు అందిస్తున్నాడు. ఆ చిన్న చర్చికి కూడా ఇదే నిటారు కప్పు. గీస్తూ గీస్తూ అక్కడికొచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది. నేను చేయబోయే పని ఇక్కడే, గోడ మీద, 550 ఏళ్ళుగా ఒకాయన చేతుల్లో ఉంది. ఆ బొమ్మలు వేసిన చిత్రకారుడి పేరు కూడా అక్కడి రాతలో ఉంది: మీనాస్. ఈ ప్రాంతం మనిషే.

మార్చి 2

గోడలు లేచాయి. లోపల 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని బయట రాతి ముక్కలు. ట్రూడోస్ కొండలు అసలు సముద్రం అడుగున పుట్టిన రాయి, భూమి లోపలి పొరలు పైకి నెట్టుకొచ్చి కొండలయ్యాయి. అందుకని ఇక్కడి రాయి ముదురు, బూడిద ఆకుపచ్చ కలిసిన రంగు, మన నాపరాయిలా పలకలు పలకలుగా విడిపోదు. దారి పక్కన రాలిన చిన్న పెచ్చులు ఏరుకొచ్చి, సుత్తితో ఇంకా చిన్నవి చేసి, ఒక్కోటి పట్టకారుతో పట్టుకుని అతికించాను. మధ్యలో ఎర్రమట్టి, కాస్త జిగురు కలిపి అడుసులా పూశాను. ఉత్తరపు గోడ ఒక్కదానికే నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఇక్కడ ఒక తప్పు చేశాను. గది చుట్టూ గోడలు కట్టేసి, వసారా మాట మర్చిపోయాను. ఈ చర్చికి దక్షిణం వైపు, పడమర వైపు 'ఎల్' అక్షరంలా చుట్టుకుని ఒక వసారా ఉంది, అది కూడా ఇదే కప్పు కింద. పూర్వం ఆడవాళ్ళు అక్కడ నిలబడి పూజ వినేవాళ్ళట. అంటే లోపలి గది దక్షిణపు గోడ నిజానికి వాన చూడని గోడ. కప్పు మాత్రం ఆ గోడ దాటి ఇంకా కిందికి దిగి, బయటి గోడ మీద ఆగుతుంది. అందుకే నేను వేసుకున్న లెక్కలో రెండు వైపులా వాలు సమానంగా వచ్చి, ఎంత చూసినా ఆ చర్చిలా కనపడలేదు. బేస్ చెక్క కోసి వెడల్పు పెంచాల్సొచ్చింది. రెండు రోజులు పోయాయి, కానీ ఇప్పుడు పక్కనుంచి చూస్తే గుర్తుపట్టగలను.

మార్చి 9

కప్పు చెక్క. దీని కోసమే ఇదంతా.

వీడియో కాల్‌లో నాన్నకు ముక్కోణపు గోడ చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇంత వాలుకు మన పెంకు నిలవదు రా, జారి వీధిలో పడుతుంది" అన్నాడు. ఆయన అన్నది నిజం. మన గూన పెంకులు ఒకదాని మీద ఒకటి బరువుతో కూర్చుంటాయి, అందుకే మనం వాలు తక్కువ పెడతాం. బెంగుళూరు పెంకుకు వెనక చిన్న మెడ ఉంటుంది గానీ దానికీ ఒక హద్దుంది. ఇక్కడ వాడేది పలకలా చదునుగా ఉండే పెంకు, పై అంచున కొక్కెం. రీపరుకు తగిలించి వదిలేస్తారు, చొక్కా మేకుకు తగిలించినట్టు. వాలు ఎంత నిటారుగా ఉంటే కొక్కెం అంత గట్టిగా పట్టుకుంటుంది. మంచు నిలవదు, కరిగిన నీళ్ళు వెనక్కి ఎక్కవు. ఇది విన్నాక నాన్న గొంతే మారిపోయింది. "ఓహో, వేలాడే పెంకా!" అని పక్కనున్న అమ్మకు కూడా వివరించడం మొదలుపెట్టాడు.

బైజాంటైన్ చర్చి అంటే గుమ్మటం ఉండాలి కదా అని మొదట నాకూ సందేహం వచ్చింది. ఇస్తాంబుల్‌లో, గ్రీసులో గుమ్మటమే కనపడుతుంది. ఈ కొండల మీద జనం రెండు దారులు పట్టారు. ముందే గుమ్మటంతో, రాతి కమానుతో కట్టిన చర్చి ఉంటే దాని మీద ఇంకో చెక్క కప్పు తొడిగారు, గొడుగు పట్టినట్టు. కొత్తగా కట్టేటప్పుడు గుమ్మటం మానేసి, పెదులాస్‌లోలాగా, గోడల మీద నేరుగా చెక్క కప్పే ఎత్తారు. కకోపెట్రియా ఊరి బయట ఉన్న సెయింట్ నికొలస్ చర్చికి స్థానికులు పెట్టుకున్న పేరు "అయ్యోస్ నికోలావోస్ తిస్ స్తెయిస్", అంటే "కప్పు నికొలస్". ఊరు పేరుతో కాదు, మహిమ పేరుతో కాదు, పైకప్పు పేరుతో పిలుచుకున్నారు. ఆ కాలంలో తూర్పు మధ్యధరా ప్రాంతంలో బైజాంటైన్ చర్చి మీద ఇలాంటి కప్పు ఇంకెక్కడా లేదు. 1985లో యునెస్కో ఈ కొండల్లో తొమ్మిది చర్చిలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది, 2001లో పాలైహోరి ఊళ్ళోది కలిపి పది చేసింది. పెదులాస్ మొదటి తొమ్మిదిలోనిదే.

చెక్క పైన్. వాసాలు 8 మిల్లీమీటర్ల చదరం, రీపర్లు 3 మిల్లీమీటర్లు. నాన్న మాట ప్రకారం వాసాన్ని గోడ అంచున కాకుండా గోడ మీద పొడవునా వేసిన పట్టె మీద గాడి కొట్టి కూర్చోబెట్టాను. మేకులు లేకుండా, చిన్న వెదురు చీలలతో. ఇరవై రెండు గాళ్ళు. ఉలి చిన్నది దొరక్క పాత స్క్రూడ్రైవర్‌ను సానబట్టి వాడాను.

మార్చి 23

పెంకుల వారం, టెన్షన్ వారం.

లెక్క: వరుసకు 32 పెంకులు. ఉత్తరం వైపు 18 వరుసలు, దక్షిణం వైపు వాలు పొడవు కాబట్టి 26. మొత్తం 1,408. ఒక్కో పెంకు పొడవు 20, వెడల్పు 14 మిల్లీమీటర్లు. స్కేలు ప్రకారం ఇంకా చిన్నవి చేయాలి గానీ అంతకన్నా చిన్నదానికి కొక్కెం పెట్టడం నా వేళ్ళకు సాధ్యం కాలేదు. ఈ ఒక్క విషయంలో స్కేలు తప్పాను.

మట్టి కోర్నోస్ ఊరి నుంచి తెచ్చుకున్నాను. అక్కడ తరతరాలుగా ఎర్రమట్టి కుండలు చేస్తారు, చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒక కుమ్మరి అవ్వ ఐదు కిలోల మట్టి ఇచ్చి, ఎందుకని అడిగి, పెదులాస్ పేరు చెప్పగానే గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది.

మొదటి 300 పెంకులు మొత్తం పోయాయి. చదునుగా పరిచిన మట్టిని చాకుతో కోసి, పై అంచున చిటికెడు మట్టి అతికించి కొక్కెం చేశాను, బాల్కనీలో ఎండబెట్టాను. మధ్యాహ్నానికి పెంకులన్నీ ఆకుల్లా వంకర తిరిగాయి, వేలు తగిలితే కొక్కేలు ఊడిపోయాయి. నాన్నకు ఫోన్ చేస్తే ఒకటే మాట, "అతికించకురా, మడువు." నిజమే, అతికిన చోట తడి ఒకలా, పెంకులో ఒకలా ఉంటే ఆరేటప్పుడు విడిపోక ఏం చేస్తుంది! పెంకును 3 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ కోసి, పై అంచు మధ్యలో చిన్న నాలుకలా ఉంచి, అటూ ఇటూ తీసేసి, ఆ నాలుకను సూది మీదుగా వెనక్కి మడిచాను. మట్టిలో సన్న ఇసుక కలిపాను. ఎండలో పెట్టకుండా రెండు ప్లై ముక్కల మధ్య, పైన తడిబట్ట కప్పి, గదిలోనే మూడు రోజులు ఉంచాను. వంకర పోయింది.

రోజుకు 120 దాకా చేయగలుగుతున్నాను, ఆఫీసు అయ్యాక ఎనిమిది నుంచి పదకొండు వరకు. అసలు కప్పు పెంకులు కూడా ఎవరో ఇలాగే ఒక్కోటి చేతితో మడిచి ఉంటారు. ఆ మనిషి పేరు ఏ గోడ మీదా లేదు.

ఏప్రిల్ 6

పెంకులు కోర్నోస్‌లో అవ్వ ఆవంలోనే కాల్చాం. 1,500 పెట్టాం, 1,452 బాగా వచ్చాయి. డబ్బులు తీసుకోమంటే వద్దంది, బదులుగా ఒక పెంకు తీసి కిటికీ దగ్గర పెట్టుకుంది.

రంగు నేను అనుకున్నట్టు ఒకేలా రాలేదు. ఆవంలో నిప్పుకు దగ్గరున్నవి ముదురు ఎరుపు, దూరంగా ఉన్నవి నారింజ, కొన్ని నల్లగా పొగచూరాయి. ముందు దిగులుపడ్డాను, రంగు వేద్దామా అని కూడా ఆలోచించాను. తర్వాత ఫిబ్రవరి ఫొటోలు తీసి చూస్తే అసలు కప్పు మీద కూడా ఏ రెండు పెంకులూ ఒక రంగులో లేవు. అలాగే ఉంచేశాను.

ఏప్రిల్ 13

పని పక్కన పెట్టి మళ్ళీ కొండెక్కాను. చెర్రీ పూత సమయం. పెదులాస్ చెర్రీ తోటలకు పేరున్న ఊరు, ఈ వారంలో లోయంతా తెల్లగా ఉంది.

కొలతలు సరిచూసుకుని, కిందికి దిగేటప్పుడు మూటుల్లాస్‌లో ఆగాను. పెదులాస్ నుంచి కొన్ని నిమిషాల దారి. అక్కడి మరియ తల్లి చర్చి ఇంకా చిన్నది, ఇంకా పాతది, 1280 నాటిది. ఇలాంటి నిటారు చెక్క కప్పు చర్చిల్లో తేదీ తెలిసినవాటిలో పాతది ఇదే. దీని లోపల కూడా కట్టించినవాళ్ళ బొమ్మ ఉంది: యోహాను, అతని భార్య ఐరీనీ. వాళ్ళ చేతుల్లో కూడా చిన్న చర్చి ఉంది! అంటే పెదులాస్ పూజారి దాదాపు 200 ఏళ్ళ తర్వాత అదే పద్ధతిలో నిలబడ్డాడన్నమాట. తాను కట్టించినదాన్ని ఒళ్ళో బిడ్డలా పట్టుకుని అప్పగించడం ఈ లోయలో అలవాటు.

ఇంకా కిందికి దిగితే కలోపనయోటిస్, గంధకపు ఊటలున్న ఊరు. ఏటి ఒడ్డున సెయింట్ జాన్ లంపదిస్తిస్ మఠం. అక్కడ ఒకే పెద్ద చెక్క కప్పు కింద మూడు చర్చిలు పక్కపక్కనే ఉన్నాయి. 11వ శతాబ్దపు గుమ్మటం చర్చి ఒకటి, లంపదిస్తిస్ పేరిట ఒకటి, 15వ శతాబ్దం చివరిలో కట్టిన లాటిన్ చాపెల్, అంటే రోమన్ కాథలిక్కుల చిన్న ప్రార్థన గది, ఒకటి. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ముల వాటాల్లా ఉంది. కప్పు లోపలి చెక్కను చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. గుమ్మటం ఉండగా దాని మీద ఇంత కప్పు ఎందుకని ఎవరైనా అడగొచ్చు. గోడలోకి చెమ్మ దిగితే ముందు సున్నం పొర ఉబ్బుతుంది, తర్వాత పెచ్చు ఊడుతుంది, పెచ్చుతోపాటు బొమ్మ ముఖం పోతుంది. చూడటానికి వచ్చే మనలాంటివాళ్ళం బొమ్మల్ని పొగిడి వెళ్ళిపోతాం. ఆ బొమ్మల్ని ఇన్ని వందల చలికాలాలు కాచింది పైనున్న పెంకు, ఆ పెంకు విరిగినప్పుడల్లా నిచ్చెన వేసుకుని ఎక్కి మార్చిన ఊరివాళ్ళు. కట్టించినవాడి కన్నా ఆ ఎక్కినవాళ్ళ మీదే నాకు గౌరవం ఎక్కువ కలుగుతోంది.

మే 4

పెంకులు తగిలించడం మొదలైంది. కింది వరుస నుంచి పైకి, ఒక వరుసలోని అతుకు మీద పై వరుస పెంకు మధ్యభాగం వచ్చేలా. జిగురు వాడకూడదని ముందే నియమం పెట్టుకున్నాను. కొక్కెం పట్టుకుంటే పట్టుకోవాలి, లేకపోతే నేను తప్పు చేసినట్టు.

పట్టుకుంది. మొదటి వరుస తగిలించి బేస్‌ను చేత్తో ఎత్తి కదిపాను, 32 పెంకులూ సన్నగా గలగలమన్నాయి గానీ ఒక్కటీ రాలలేదు. ఆ శబ్దం రికార్డు చేసి నాన్నకు పంపాను. మూడుసార్లు విన్నాడట.

దక్షిణం వాలు మొత్తం ఊడి వచ్చేలా చట్రంలా చేశాను. అది తీస్తే వాసాలు, పట్టె, వసారా, లోపలి గది అన్నీ కనపడతాయి.

లోపలి గోడల మీద బొమ్మలు వేయాలా వద్దా అని నెల రోజులు తర్జనభర్జన. ఉత్తరపు గోడ మీద సైనికుడి దుస్తుల్లో నిలువెత్తు మిఖాయేలు ఉన్నాడు, లోపలికి అడుగు పెట్టగానే మన కళ్ళను పట్టేస్తాడు. దాన్ని నా చేతితో వేసి పాడుచేయడం ఇష్టం లేదు. లోపలంతా సున్నం తెలుపు వేసి వదిలేశాను. ఒక్క ఉత్తరపు తలుపు పైన మాత్రం, గోరంత చోటులో, సన్న కుంచెతో వసీలియోస్‌ను వేశాను. ముఖం రాలేదు, చేతులు వచ్చాయి. ఆ చేతుల్లోని చర్చి బియ్యపు గింజంత ఉంది, కప్పు నిటారుగానే వచ్చింది.

మే 25

వచ్చే వారం మా ఆఫీసులో ఒక తమ్ముడు రాజమండ్రి వెళ్తున్నాడు, తన లగేజీలో తీసుకెళ్తానన్నాడు. ప్యాకింగ్ కోసం కప్పు పెంకులన్నీ విప్పాల్సొచ్చింది, తగిలించినవే కదా, గంటన్నరలో వచ్చేశాయి. వరుసకు 32 చొప్పున 44 పొట్లాలు కట్టి, ప్రతి పొట్లం మీద ఉ1, ఉ2, ద1, ద2 అని నంబర్లు రాశాను. గోడలు, చెక్క చట్రం ఒక పెట్టెలో, మధ్య ఖాళీల్లో పాత తువ్వాళ్ళు.

పెంకులు నాన్నే తగిలిస్తాడు. రాత్రి ఫోన్‌లో కింది వరుస నుంచే మొదలుపెట్టమని చెప్పబోతే, "నాకు చెబుతున్నావా" అని నవ్వాడు. తర్వాత చూరు గోడ బయటికి ఎంత రావాలని అడిగాడు, చెప్పాను, రాసుకున్నాడు.

"కొప్పు పెంకులు ఎన్ని పెట్టావు?"

"పదహారు."

"నాలుగు ఎక్కువ పెట్టు, దారిలో విరుగుతాయి."

ఆరు పెట్టాను.